ఓటుకు పరీక్ష

మీ ఊళ్ళో ఓటర్ల జాబితా రాయడానికి వచ్చినప్పుడు ఏం అడుగుతారు? పేరు అడుగుతారు. వయసు అడుగుతారు. ఇంటి నంబరు అడుగుతారు. అంతే. "నీకు చదువొచ్చా?" అని అడగరు. అలా అడిగి ఓటు ఆపే హక్కు మన దేశంలో ఎవరికీ లేదు.

కాని ఒక దేశంలో ఓటు కావాలంటే ముందు పరీక్ష రాయాల్సి వచ్చేది. అది పేద దేశం కాదు. వెనకబడిన దేశం అసలే కాదు. అది అమెరికా. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో 1965 దాకా ఈ పద్ధతి నడిచింది. అందులో మిసిసిపీ అనే రాష్ట్రం ఉంది. ఈ పాఠం ఆ రాష్ట్రం గురించి.

మిసిసిపీ అన్నది ఒక పెద్ద నది పేరు. రాష్ట్రానికీ అదే పేరు పెట్టారు. నది పక్కన ఒండ్రు నేల. పత్తి బాగా పండుతుంది. ఆ పత్తి ఏరడానికి తెల్ల భూస్వాములు నల్లవాళ్ళను బానిసలుగా పెట్టుకున్నారు. వాళ్ళు ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి ఓడల్లో తెచ్చిన మనుషుల పిల్లలూ, మనవలూ. బానిసకు అక్షరం నేర్పడం చాలా దక్షిణాది రాష్ట్రాల్లో నేరం. నేర్పినవాళ్ళకు శిక్ష పడేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం జరిగింది. దక్షిణాది ఓడింది. బానిసత్వం పోయింది. 1870లో నల్లజాతి మగవాళ్ళకు ఓటు హక్కు వచ్చింది. మిసిసిపీలో ఆడవాళ్ళకు అప్పటికి ఎవరికీ లేదు, తెల్లవాళ్ళకైనా సరే. ఆ రోజుల్లో మిసిసిపీ శాసనసభలో నల్లవాళ్ళు కూర్చున్నారు. ఆ రాష్ట్రం నుంచి ఇద్దరు నల్లవాళ్ళు దేశపు పెద్ద సభ సెనేట్‌కి కూడా వెళ్ళారు.

పాత భూస్వాములకు ఇది మింగుడు పడలేదు. మొదట కొట్టారు, చంపారు, ఇళ్ళు తగలబెట్టారు. ఆ తర్వాత 1890లో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. అందులో "నల్లవాళ్ళకు ఓటు లేదు" అని ఎక్కడా రాయలేదు. అలా రాస్తే దేశ రాజ్యాంగం ఒప్పుకోదు. అందుకని వేరే మాటలు రాశారు. ఓటు కావాలనుకునేవాడు పన్ను కట్టి ఉండాలి. రాష్ట్ర రాజ్యాంగంలో ఏ ముక్క చూపిస్తే ఆ ముక్క చదవాలి. లేదా చదివి వినిపిస్తే దాని అర్థం చెప్పాలి.

పైకి చూస్తే ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. చదువుకున్నవాడే ఓటు వేస్తే మంచిదే కదా అనేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. అయితే ఆ పరీక్ష ఎలా జరిగేదో చూడండి.

మిసిసిపీలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, కాకపోతే చిన్నది. ప్రతి కౌంటీకి ఒక కోర్టు కచేరీ. అందులో ఒక గుమాస్తా. ఓటరుగా పేరు రాయించుకోవాలంటే ఆయన దగ్గరికే వెళ్ళాలి. ఆయన ఒక కాగితం ఇస్తాడు. అందులో ఇరవై పైచిలుకు ప్రశ్నలు. పేరు, ఊరు, పని, ఎవరి దగ్గర పని చేస్తున్నావు... అన్నీ రాయాలి. తర్వాత రాజ్యాంగంలో ఒక ముక్క చూపిస్తాడు. ఆ రాజ్యాంగంలో 285 ముక్కలున్నాయి. దానిలో ఏది చూపించాలన్నది గుమాస్తా ఇష్టం. జవాబు సరైనదో కాదో చెప్పేది కూడా ఆయనే.

తెల్లవాడు వస్తే ఒక్క వాక్యం ఉన్న ముక్క చూపించేవాళ్ళు. అప్పు తీర్చలేదని ఎవర్నీ జైల్లో పెట్టకూడదు అనే ముక్క అలాంటిదే. దాని అర్థం ఎవరైనా చెప్తారు. నల్లవాడు వస్తే పన్నుల గురించో, కంపెనీల గురించో ఉన్న పొడుగాటి ముక్క. వకీలుకైనా తలనొప్పి తెప్పించే ముక్క. కాలేజీలో చదివిన నల్లజాతి టీచర్లు కూడా ఆ పరీక్షలో తప్పారు. సంతకం సరిగా పెట్టడం రాని తెల్లవాళ్ళు పాసయ్యారు. ఇక దాన్ని చదువు పరీక్ష అని ఎలా అంటాం?

పన్ను సంగతి వేరే. తలకు ఏడాదికి రెండు డాలర్లు. వరసగా రెండేళ్ళు కట్టి ఉండాలి. రెండు రశీదులూ చూపించాలి. రెండు డాలర్లంటే ఎంత అనకండి. ఆ నల్లవాళ్ళలో ఎక్కువమంది పాలికి సేద్యం చేసేవాళ్ళు. భూమి ఆసామిది. విత్తనాలు ఆసామివి. ఉప్పూ పప్పూ ఆసామి కొట్లోనే అప్పు. పంట వచ్చాక లెక్క రాసేది ఆసామే. లెక్క చూసుకోవడానికి వీళ్ళకు చదువు రాదు. ఏడాది కష్టం చేస్తే చేతికి ఏమీ రాకపోగా, అప్పు మిగిలేది. మన పాలేర్లకు ఈ లెక్క కొత్త కాదు.

చదువు ఎందుకు రాలేదు అని కూడా అడగాలి. తాతలకు నేర్పితే నేరం అన్నారు. మనవలకు బడి పెట్టారు గాని, పత్తి తీత వచ్చిందంటే బడి మూసేవాళ్ళు. చదువు అందకుండా చేసిన రాజ్యమే, చదువు లేదు కాబట్టి ఓటు లేదు అన్నది.

పోటీ లేని ఎన్నిక

ఇప్పుడు 1955వ సంవత్సరానికి వద్దాం. మిసిసిపీలో శాసనసభకు నాలుగేళ్ళకొకసారి ఎన్నికలు. 1955 ఎన్నికల ఏడు. గవర్నరు ఎన్నిక కూడా అప్పుడే. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు. జనమే ఎన్నుకుంటారు.

అమెరికాలో రెండు పెద్ద పార్టీలు. డెమోక్రాటిక్ పార్టీ, రిపబ్లికన్ పార్టీ. యుద్ధంలో బానిసలను విడిపించిన ప్రెసిడెంటు లింకన్ రిపబ్లికన్. అందుకని దక్షిణాది తెల్లవాళ్ళు ఆ పార్టీని దగ్గరకు రానివ్వలేదు. తరాల తరబడి డెమోక్రాటిక్ పార్టీకే ఓటు వేశారు. 1955లో మిసిసిపీ శాసనసభలో ఒక్క రిపబ్లికన్ కూడా లేడు. సభ మొత్తం ఒకే పార్టీ.

ఎదురు పార్టీ లేనప్పుడు ఎన్నిక ఎలా? పోటీ అంతా పార్టీ లోపలే. నాకు టికెట్ కావాలంటే నాకు కావాలని నలుగురు దిగుతారు. మన దగ్గర టికెట్ ఎవరికివ్వాలో పార్టీ పెద్దలు తేలుస్తారు. అక్కడ ఓటర్లు ఓటు వేసి తేలుస్తారు. దాన్ని ప్రైమరీ అంటారు. ప్రైమరీలో గెలిచినవాడు గెలిచినట్టే. నవంబరులో జరిగే అసలు ఎన్నిక ఉత్త తతంగం. 1955 నవంబరులో గవర్నరు పదవికి కోల్మన్ అనే ఆయన నిలబడ్డాడు. ఆయన మీద పోటీ చేసినవాడే లేడు.

కాబట్టి ప్రైమరీలో ఓటు లేనివాడికి ఓటు ఉన్నా లేనట్టే. అందుకే పాతకాలంలో దక్షిణాదిలో ఇంకో నియమం పెట్టారు. ప్రైమరీలో తెల్లవాళ్ళే ఓటు వేయాలి. అదేమంటే, "ఇది మా పార్టీ సొంత వ్యవహారం" అనేవాళ్ళు. 1944లో టెక్సస్ రాష్ట్రం నుంచి వచ్చిన ఒక కేసులో దేశపు సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. అప్పటి నుంచి మిసిసిపీలో కూడా కొద్దికొద్దిగా నల్లవాళ్ళు పేర్లు రాయించుకోవడం మొదలుపెట్టారు.

తెల్ల పెద్దలకు భయం పట్టుకుంది. అప్పటికి రాష్ట్రంలో నూటికి నలభైకి పైగా నల్లవాళ్ళే. కొన్ని కౌంటీల్లో నూటికి డెబ్బై మంది. వీళ్ళంతా ఓటు వేస్తే ఏమవుతుంది? 1954లో నియమం బిగించారు. అంతకుముందు చదవడమో, విని అర్థం చెప్పడమో చాలు. ఇకమీదట చదవాలి, రాయాలి కూడా. అర్థం కాగితం మీద పెట్టాలి. అదే ఏడాది ఊరూరా పెద్ద తెల్లవాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు. ఓటు కోసం వెళ్ళిన నల్లవాడికి పని పోయేది. కొట్లో అప్పు పుట్టేది కాదు. నల్లవాళ్ళలో ఓటు వయసొచ్చినవాళ్ళు నూరుమంది ఉంటే, జాబితాలో పేరున్నవాళ్ళు 1955 నాటికి అయిదుగురు కూడా లేరు.

బెల్జోని అనే ఊళ్ళో జార్జి లీ అనే నల్లజాతి పాస్టరు ఉండేవాడు. చిన్న కిరాణా కొట్టు ఉంది. అచ్చు యంత్రం కూడా ఉంది. తను పేరు రాయించుకున్నాడు. ఊరుకోలేదు. పదిమందినీ రాయించుకోమన్నాడు. జాబితాలోంచి పేరు తీసేయించుకోమని బెదిరించారు. వినలేదు. 1955 మే 7 రాత్రి కారులో వస్తుంటే ఇంకో కారులోంచి కాల్చి చంపారు. ఆయన దవడలో సీసం గుళ్ళు దొరికాయి. అక్కడి పోలీసు అధికారి షెరీఫ్ ఏమన్నాడో తెలుసా? అవి పళ్ళకు పెట్టించుకున్న సీసం అయ్యుండొచ్చట! ఎవరి మీదా కేసు పెట్టలేదు.

ఆగస్టు 2న ప్రైమరీ జరిగింది. గవర్నరు టికెట్‌కు ఎవరికీ సగానికి మించి ఓట్లు రాలేదు. ముందున్న ఇద్దరి మధ్య మళ్ళీ ఆగస్టు 23న ఓటింగు పెట్టారు. బ్రూక్‌హేవెన్ అనే ఊళ్ళో లామార్ స్మిత్ అనే రైతు ఉన్నాడు. నల్లవాడు. వయసు 63. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పని చేసినవాడు. ఆయన సొంత ఓటు వేసుకుని ఇంట్లో కూర్చోలేదు. ఓటు వేసే చోటికి వెళ్తే కొడతారని తన వాళ్ళకు భయం. అందుకని పోస్టు ద్వారా ఓటు వేసే కాగితాలు నింపడంలో వాళ్ళకు సాయం చేశాడు.

ఆగస్టు 13, శనివారం. పొద్దున పది గంటల వేళ. కోర్టు కచేరీ ముందర పచ్చిక మీద లామార్ స్మిత్‌ను కాల్చి చంపారు. అది చీకటి కాదు, అడవి కాదు. పట్టపగలు, జనం తిరుగుతున్న చోటు. తెల్లవాళ్ళు ముగ్గుర్ని పట్టుకున్నారు. చూశానని చెప్పడానికి ఒక్కరు కూడా ముందుకు రాలేదు. సాక్ష్యం లేదని ముగ్గుర్నీ వదిలేశారు. కేసు విచారణకే రాలేదు. పది రోజుల తర్వాత ఎన్నిక మామూలుగా జరిగిపోయింది.

ఇక్కడ కాసేపు ఆగి మాట్లాడుకోండి. ఆ రోజు అంతమంది చూసి ఎందుకు చెప్పలేదు? వాళ్ళందరూ చెడ్డవాళ్ళేనా? భయపడినవాళ్ళు ఉండరా? మీ ఊళ్ళో అలాంటి సంగతి జరిగితే ఎవరు ముందుకొస్తారు?

అదే 1955 ఫిబ్రవరిలో మన ఆంధ్ర రాష్ట్రంలోనూ శాసనసభ ఎన్నికలు జరిగాయి. అప్పటికి మన దేశంలో అక్షరాస్యత ఎంత? 1951 జనాభా లెక్కల ప్రకారం నూటికి 18 మంది. తక్కిన 82 మందికీ చదువు లేదు. అయినా 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు ఇచ్చారు. ఆడవాళ్ళకు, కూలీలకు, అందరికీ. చదువు రాకపోతే ఓటు ఎలా వేస్తారు? ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టారు. పెట్టె మీద గుర్తు అంటించారు. కాడెద్దుల పెట్టె, కంకి కొడవలి పెట్టె, ఇలాగ. నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. అంతకుముందు తెల్లదొరల కాలంలో మన దగ్గర కూడా ఆస్తి ఉన్నవాడికి, పన్ను కట్టేవాడికి, చదువుకున్నవాడికే ఓటు. ఆ అడ్డుగోడ మన రాజ్యాంగం ఒక్క దెబ్బతో తీసేసింది. పల్లెల్లో పేదవాళ్ళను పోలింగు దగ్గరికి రానివ్వని ఆసాములు తర్వాత కూడా ఉన్నారు. అది వేరే పాఠం. కాని చట్టం మాత్రం వాళ్ళ పక్షాన లేదు. మిసిసిపీలో చట్టమే ఆసామి పక్షాన ఉంది.

కొట్టు వెనక బడి

పరీక్ష పెట్టారు కదా. సరే, నేర్చుకుందాం అన్నవాళ్ళు కూడా లేచారు. దక్షిణ కరోలినా అనే ఇంకో రాష్ట్రంలో జాన్స్ ఐలాండ్ అనే దీవి ఉంది. అక్కడ ఈసా జెంకిన్స్ అనే ఆయన బస్సు నడిపేవాడు. పొద్దున్నే కూలీలను పట్నం తీసుకెళ్ళేవాడు. దారిలో బస్సులోనే రాజ్యాంగం ముక్కలు చెప్పేవాడు. అది చాల్లేదు. 1957 జనవరిలో పెద్దవాళ్ళ కోసం రాత్రి బడి పెట్టారు. సెప్టిమా క్లార్క్ అనే టీచరమ్మ దీనికి వెనక నిలబడింది. నల్లవాళ్ళ హక్కుల సంఘంలో సభ్యత్వం వదలనన్నందుకు 1956లో ఆమె ఉద్యోగం తీసేశారు. బడి ఒక సహకార కొట్టు వెనక గదిలో. ముందర సరుకులు, వెనక పలకలు. తెల్లవాళ్ళకు అనుమానం రాకూడదని అలా పెట్టారు.

చెప్పడానికి బెర్నిస్ రాబిన్సన్ అనే ఆమెను పిలిచారు. ఆమె టీచరు కాదు. జుట్టు అలంకరించే పని చేసేది. అందుకే ఆమెను ఎంచుకున్నారు. పెద్దవాళ్ళను చిన్నపిల్లల్లాగా చూడదని. నేను మీకు పాఠం చెప్పడానికి రాలేదు, అందరం కలిసి నేర్చుకుందాం అని మొదటి రోజే చెప్పింది. పిల్లల వాచకాలు పక్కన పెట్టింది. వచ్చినవాళ్ళను మీకేం కావాలని అడిగింది. సంతకం పెట్టాలి అన్నారు. మనియార్డరు ఫారం నింపాలి అన్నారు. ఓటు కాగితం చదవాలి అన్నారు. అవే పాఠాలయ్యాయి. అక్కడి నుంచి ఇలాంటి బళ్ళు దక్షిణాది అంతా పాకాయి. మిసిసిపీకి కూడా వచ్చాయి.

మిసిసిపీలో ఫానీ లూ హేమర్ అనే ఆమె ఉండేది. ఇరవైమంది పిల్లల్లో ఆఖరిది. చిన్నప్పటి నుంచి పత్తి చేలోనే పని. నల్లవాళ్ళు కూడా ఓటు వేయొచ్చని నలభై ఏళ్ళు దాటాక ఒక మీటింగులో విన్నది. అంతవరకు ఆమెకు ఎవరూ చెప్పలేదు. 1962 ఆగస్టు 31న పద్దెనిమిది మంది ఒక పాత బస్సులో ఇండియనోలా కోర్టుకు వెళ్ళారు. ఆమె పరీక్ష రాసింది. తప్పింది. తిరిగి వస్తుంటే పోలీసులు బస్సు ఆపారు. బస్సు రంగు మరీ పచ్చగా ఉందట, స్కూలు బస్సులా కనిపిస్తోందట. డ్రైవరుకు జరిమానా వేశారు. బస్సులో ఉన్నవాళ్ళంతా చందా వేసుకుని కట్టారు.

ఆమె ఇల్లు చేరేసరికి ఆసామి వచ్చాడు. పేరు వెనక్కి తీసుకుంటావా, పొలం వదిలి పోతావా అన్నాడు. ఆ పొలంలో ఆమె పద్దెనిమిదేళ్ళు పని చేసింది. ఆ రాత్రే బయటికి నడిచింది. 1963 జనవరిలో మూడోసారికి పరీక్ష పాసైంది. తీరా ఓటు వేయబోతే పన్ను రశీదులు ఏవి అన్నారు. రెండేళ్ళవి కావాలి కదా. ఆమె దగ్గర లేవు. ఆ సారి ఓటు పడలేదు.

ఇలాంటి మనుషులు వందల మంది. కొట్లాట చాలా ఏళ్ళు నడిచింది. చివరికి 1965 ఆగస్టు 6న ప్రెసిడెంటు జాన్సన్ ఓటు హక్కు చట్టం మీద సంతకం చేశాడు. దక్షిణాదిలో చదువు పరీక్షలు ఆగిపోయాయి. గుమాస్తా పేరు రాయకపోతే ఢిల్లీ నుంచి మనిషి వచ్చి రాసినట్టుగా, కేంద్ర ప్రభుత్వ మనుషులే వచ్చి రాసుకున్నారు. 1966లో సుప్రీంకోర్టు రాష్ట్ర ఎన్నికల్లో ఓటుకు పన్ను చెల్లదంది. ఫలితం చూడండి. మిసిసిపీలో 1964లో ఓటు వయసున్న నల్లవాళ్ళలో నూటికి ఏడుగురికి కూడా ఓటు లేదు. 1967 నాటికి నూటికి దాదాపు అరవైమందికి వచ్చింది. మూడేళ్ళలో వాళ్ళ తెలివి ఏమీ పెరగలేదు. అడ్డం తీశారు, అంతే.

టీచరు పోటీ

ఆ 1967లోనే మళ్ళీ శాసనసభ ఎన్నికలు. హోమ్స్ కౌంటీలో రాబర్ట్ క్లార్క్ అనే నల్లజాతి టీచరు ఉన్నాడు. తన కౌంటీలో పెద్దవాళ్ళకు చదువు చెప్పే కార్యక్రమం పెట్టమని విద్యా బోర్డును అడిగాడు. విద్యాధికారి ఒప్పుకోలేదు. ఆ అధికారి పదవి ఎన్నికతో వచ్చేది. అయితే నేనే దానికి నిలబడతాను అన్నాడు క్లార్క్. వెంటనే నియమం మార్చి ఆ పదవికి ఎన్నిక లేకుండా చేశారు. సరే, శాసనసభకే నిలబడతాను అన్నాడు.

ఆయన మీద పోటీ చేసింది ఎప్పటి నుంచో సభలో ఉన్న తెల్ల సభ్యుడు. శాసనసభ విద్యా కమిటీకి అధ్యక్షుడు కూడా. ఓట్లు లెక్క పెడితే క్లార్క్ నూరు చిల్లర ఓట్ల తేడాతో గెలిచాడు. అంత తక్కువ తేడా. ఆ కౌంటీలో భయపడి ఇంకో రెండు వందల మంది ఇంట్లో ఉండిపోతే ఓడిపోయేవాడు.

1968 జనవరిలో ప్రమాణం చేసి సభలోకి వెళ్ళాడు. ఆ శతాబ్దంలో మిసిసిపీ శాసనసభలో అడుగు పెట్టిన మొదటి నల్లవాడు ఆయన. సభలో బల్లలు ఇద్దరేసి కూర్చునేవి. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇద్దరి బల్ల దగ్గర ఒక్కడే. ఎనిమిదేళ్ళు అలాగే కూర్చున్నాడు. 1976లో ఇంకొందరు నల్లజాతి సభ్యులు గెలిచి వచ్చారు. 1977లో క్లార్క్‌ను విద్యా కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. 1967లో తను ఓడించిన మనిషి కూర్చున్న కుర్చీ అది. 1982లో ఆ కమిటీ నుంచి ఒక పెద్ద విద్యా చట్టం వచ్చింది. చిన్నపిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో శిశుతరగతులు, పిల్లలు బడికి తప్పనిసరిగా రావాలన్న నియమం అందులో ఉన్నాయి. క్లార్క్ 2000 దాటాక కూడా సభలోనే ఉన్నాడు. ఆయన దిగిపోయాక ఆ స్థానంలో ఆయన కొడుకు గెలిచాడు.